గట్టు మీద ఎవరు నిలబడ్డారు?

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను సర్వేయర్ని కాను, సివిల్ ఇంజనీర్ని అంతకన్నా కాను. మస్కట్‌లో ఉండే సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటుని. కన్సల్టెంటు అంటే ఏం చేస్తావురా అని మా మేనమామ ఇరవై ఏళ్ళుగా అడుగుతూనే ఉన్నాడు. ఎవరి పని ఎలా చేసుకోవాలో వాళ్ళకే చెప్పి డబ్బులు పుచ్చుకోడం మావయ్యా అంటే నమ్మడు. కానీ అక్షరాలా అదే నా ఉద్యోగం. కాబట్టి భూమి కొలతల గురించి నేను రాస్తున్నానంటే, చేతులు కాల్చుకున్నవాడు మంట గురించి చెప్తున్నట్టే అనుకోండి.

2022లో నాకు రుస్తాఖ్‌లో ఒక పని తగిలింది. ఒమాన్‌లో ఉన్నవాళ్ళకి రుస్తాఖ్ గురించి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మస్కట్ నుంచి కారులో గంటన్నర పైన ప్రయాణం. హజర్ కొండలు మొదలయ్యే చోట ఉంటుంది. పెద్ద కోట, వేడినీటి బుగ్గ, కనుచూపు మేర ఖర్జూరం తోటలు. పదిహేడో శతాబ్దంలో ఇమాములు ఇక్కణ్ణుంచే ఒమాన్‌ని ఏలారు. ఇప్పుడు దక్షిణ బాతినా రాష్ట్రానికి ముఖ్యపట్టణం. శుక్రవారం నమాజు అయ్యాక ఊరంతా నిద్రపోతుంది. మా తెనాలి మధ్యాహ్నాలు గుర్తొస్తాయి, ఎండ మాత్రం రెండింతలు.

ఊరి శివార్లలో ఇళ్ళ స్థలాల లేఅవుటు, దానికో రోడ్డు. అదీ ప్రాజెక్టు. అరవై హెక్టార్లు, అంటే మన లెక్కలో నూటయాభై ఎకరాలకి కొంచెం తక్కువ. కాంట్రాక్టరు కంపెనీ వాళ్ళు కొత్తగా డ్రోన్ కొన్నారు. దాన్ని ఎగరెయ్యడానికి మనిషి ఉన్నాడు. అది తెచ్చిన ఫొటోల్ని పటంగా, ఎత్తుపల్లాల లెక్కగా మార్చే సాఫ్ట్‌వేర్ పెట్టి, వాళ్ళ పాత పద్ధతిలోకి దాన్ని ఇమడ్చడం నా పని. ఇక్కడ డ్రోన్ గాలిలోకి లేవాలంటే పౌర విమానయాన సంస్థ అనుమతి కావాలి. ఆ కాగితం రావడానికి పట్టిన సమయంతో పోలిస్తే అసలు సర్వే చిటికెలో అయిపోయినట్టే.

నిజంగానే చిటికె. అదెలా జరుగుతుందో చెప్తాను, నాకు అప్పట్లో భలే ముచ్చటేసింది. డ్రోన్ వంద మీటర్ల ఎత్తున, నాగలి చాలులాగా అటూ ఇటూ తిరుగుతూ ఫొటోలు తీస్తుంది. ఒక ఫొటోలో కనిపించిన నేలలో ఎనభై శాతం పక్క ఫొటోలోనూ వచ్చేటట్టు తీస్తుంది. అంటే కింద ఉన్న ఒక్కో రాయీ అయిదారు ఫొటోల్లో, అయిదారు కోణాల్లో పడుతుంది. మన రెండు కళ్ళూ వస్తువు ఎంత దూరంలో ఉందో ఎలా పట్టేస్తాయో, సాఫ్ట్‌వేరూ ఆ ఫొటోల్ని కలిపి ఆ రాయి ఎక్కడుంది, ఎంత ఎత్తులో ఉంది అని లెక్క కడుతుంది. ఆ ఎత్తులో ఫొటోలో ఒక చుక్క నేల మీద దాదాపు మూడు సెంటీమీటర్లు. మా అరవై హెక్టార్లకీ రెండు పొద్దుటి పూటలు, ఎనిమిది వందల పైచిలుకు ఫొటోలు, కంప్యూటరుకి ఒక రాత్రి జాగారం. అదే పని టోటల్ స్టేషనుతో చెయ్యాలంటే ఆరుగురు హెల్పర్లు ప్రిజం కర్రలు మోసుకుంటూ మూడు వారాలు ఎండలో తిరగాలి.

ఆ ఆరుగురిలో ఒకాయన మనవాడే. జగిత్యాల వైపు మనిషి. యాభై దాటాయి. నేను అన్నా అంటాను, ఆయన నన్ను సారూ అంటాడు, వద్దన్నా మానడు. సర్వే పనిలోకి రాక ముందు అదే రుస్తాఖ్‌లో ఎనిమిదేళ్ళు ఖర్జూరం తోటలో పనిచేశాడు. ఇక్కడ తోటని మజ్రా అంటారు. అరబ్బీ చదవలేడు, రాయలేడు. కానీ ముసలి ఒమానీలతో కూర్చుని వాళ్ళ జోకులకి నవ్వగలడు. నేను పద్నాలుగేళ్ళ నుంచి ఉన్నాను, ఆ పని నాకు ఇప్పటికీ చేతకాదు.

ఇప్పుడు నా ఘనకార్యం. నెల తిరక్కుండా రిపోర్టు రాశాను. అందులో 'ఆదా' అని ఒక కాలమ్. రోజులు: ఇరవై ఒకటి నుంచి రెండుకి. హెల్పర్లు: ఆరుగురి నుంచి ఇద్దరికి. ఆకుపచ్చ రంగు కూడా వేశాను ఆ గళ్ళకి. తీసెయ్యబోయే నలుగురిలో అన్న ఉంటాడా ఉండడా అని ఆ క్షణంలో నాకు తట్టనైనా లేదు. ఎక్సెల్ షీటులో ఆరు అని కొట్టి ఉన్నచోట రెండు అని కొట్టడానికి ఎంతసేపు పడుతుంది?

తర్వాత వారం సైటుకి వెళ్ళాను. పటం పెద్ద కాగితం మీద అచ్చు తీయించి జీపు బానెట్ మీద పరిచాం. ఇంజనీర్లు చుట్టూ మూగి రోడ్డు గీత ఎక్కడ పోతుందో చూస్తున్నారు. అన్న వాటర్ బాటిళ్ళు పట్టుకొచ్చి, అలా చూసి, ఆగిపోయాడు.

"సారూ, గా గుండ్రంగున్నయి యాడ వోయినయి?"

ఏ గుండ్రాలు అన్నాను.

"గీ లైన్ల ఉంటయి గద. రాళ్ళు పేర్చిన గుండ్రాలు. నాలుగైదున్నయి. మీరు గీసినదాంట్ల లెవ్వు."

నాకు వెన్నులో చల్లగా దిగింది. ఎందుకంటే అవి ఫొటోల్లో ఉన్నాయి. నేను చూశాను. మనిషి పొడుగు వెడల్పున్న రాళ్ళ వలయాలు, అడుగున్నర ఎత్తు. తుప్పలూ బండరాళ్ళూ పటంలో నేలగా లెక్కలోకి రాకుండా సాఫ్ట్‌వేర్‌లో ఒక జల్లెడ ఉంటుంది. మట్టి పనికి క్యూబిక్ మీటర్లు లెక్క కట్టాలంటే ఆ జల్లెడ పెట్టాల్సిందే. అది ఆ వలయాల్ని చెత్త కింద తీసేసింది. రెండు మొండిగా మిగిలిపోతే నేనే మౌసు పట్టుకుని చెరిపేశాను, పటం శుభ్రంగా ఉండాలని.

"అవి రాళ్ళ కుప్పలు గావు సారూ. కింద నీళ్ళు వోతయి."

ఒమాన్‌లో ఫలజ్ అంటే ఏమిటో ఇక్కడ చెప్పాలి. కొండ పాదం దగ్గర, భూమి లోపల నీరున్న చోటు దాకా బావి తవ్వుతారు. అక్కణ్ణుంచి ఊరి వైపు సన్నటి వాలుతో సొరంగం తీస్తారు. మోటారు లేదు, ఏతం లేదు. నీరు తనంతట తనే కిలోమీటర్ల తరబడి నడిచి వచ్చి తోటల్లో పడుతుంది. సొరంగం పూడిక తియ్యడానికి మనిషి దిగాలి కాబట్టి దారి పొడుగునా బావుల్లాంటి కంతలుంటాయి, వాటి నోటికి రాళ్ళ వలయం కడతారు. దేశంలో ఇలాంటివి మూడు వేల దాకా ఇప్పటికీ పారుతున్నాయి. 2006లో యునెస్కో వాళ్ళు అయిదింటిని ప్రపంచ వారసత్వ సంపద జాబితాలో చేర్చారు. అందులో ఒకటి, ఫలజ్ అల్ ముయస్సర్, రుస్తాఖ్‌దే. మా సైటు కింద ఉన్నది అంత పేరున్నది కాదు. పిల్ల ఫలజ్. కానీ దాని చివర ఎవరిదో తోట ఉంది.

అన్నని పంపిస్తే సాయంత్రానికి ఒక పెద్దాయన్ని వెంటబెట్టుకొచ్చాడు. తెల్లటి దిష్‌దాషా, చేతిలో కర్ర. ఆ ఫలజ్ బాగోగులు చూసే కుటుంబం ఆయనది. ఇలా నీళ్ళ పంపకం చూసే పెద్దమనిషిని ఇక్కడ వకీల్ అంటారు. మన వకీలు తగువు కోర్టుకి తీసుకెళ్తాడు, వీళ్ళ వకీలు తగువు రాకుండా చూస్తాడు. ఆయన మా పటం వంక చూడనైనా లేదు. ముందు నడిచాడు, వెనకాల అన్న, ఆ వెనకాల మేము. ఒక్కో వలయం దగ్గరా ఆగి కర్రతో కొట్టి చూపించాడు. ఫొటోల్లో కూడా పడనివి రెండున్నాయి, బండలు మూసి మట్టి కప్పేసినవి. కర్ర దెబ్బకి ఆ రెండు చోట్లా డొల్ల చప్పుడొచ్చింది. సరిగ్గా వాటి మీద నుంచే మా రోడ్డు గీత. అక్కడ రోలరు తిరిగి ఉంటే ఏమయ్యేదో ఇంజనీర్లకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. గీత జరిపారు.

ఇది డ్రోన్ తప్పా? కాదండీ. డ్రోన్ తనకి కనిపించింది కనిపించినట్టు తెచ్చింది. చెరిపేసింది నేను. కనిపించనిది చెప్పగలిగిన మనిషిని ఆదా కాలమ్‌లో తీసేసిందీ నేనే.

ఇంకో సంగతి కూడా ఆ దెబ్బకే అర్థమైంది. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన రిపోర్టులో తప్పు రెండు సెంటీమీటర్లే అని ఉంది. దాన్ని అందరికీ చూపించి తిరిగాను. ఆ రెండు సెంటీమీటర్లు ఎలా వచ్చాయి? నేల మీద నలుపు తెలుపు గళ్ళ గుర్తులు పెట్టి, వాటి స్థానాన్ని విడిగా కొలిచి సాఫ్ట్‌వేర్‌కి ఇస్తాం. అది తన లెక్కంతా వాటికి సరిపోయేలా సర్దుకుంటుంది. ఆ తర్వాత అవే గుర్తుల దగ్గర తప్పెంతో చూసుకుని మార్కులు వేసుకుంటే? ప్రశ్నపత్రం ముందు రోజే ఇచ్చి పరీక్ష పెట్టినట్టు! అసలు పరీక్ష కావాలంటే సాఫ్ట్‌వేర్‌కి చెప్పకుండా దాచిన గుర్తులు కొన్ని ఉండాలి. వాటిని చెక్ పాయింట్లు అంటారు. అవి పెట్టాలంటే మళ్ళీ ఎవరో ఒకరు ఎండలో వాదీ దాటి అవతలి గట్టుకి నడిచి వెళ్ళాలి. మేం తగ్గించుకున్నది సరిగ్గా ఆ నడకనే. ఇరవై సెంటీమీటర్ల తప్పు అయిదు హెక్టార్ల మీద పరుచుకుంటే పదివేల క్యూబిక్ మీటర్ల మట్టి. అన్ని లారీల మట్టికి ఎవరో ఒకరు డబ్బు కట్టాలి, లేదా పోగొట్టుకోవాలి.

ఇంతవరకూ చెప్పింది పరాయి దేశం, పరాయి నేల. మా కథ ఇప్పుడొస్తుంది.

ఈ ఫలజ్ గొడవకి పది రోజుల ముందు మా అమ్మ ఫోను చేసింది. మాది డెల్టా పల్లెటూరు. నాన్న పోయాక అమ్మ ఒక్కతే ఉంటోంది.

"పొలాలు కొలుస్తున్నార్రా. గాల్లో అదేదో తిప్పి పోయారు మొన్న. ఇప్పుడు ఎవరి గట్టు దగ్గర వాళ్ళు నించోవాలంట, కాగితం ఇచ్చి వెళ్ళారు. నాకు చూస్తే మోకాళ్ళు. ఏం చెయ్యమంటావు?"

నేనప్పుడు రుస్తాఖ్‌లో ఎవరి స్థలాలో సెంటీమీటర్లలో కొలిపిస్తూ మహా ఉషారుగా ఉన్నాను. "అమ్మా, అది డ్రోన్. వేలెడు కూడా తేడా రాదు. నువ్వెళ్ళి ఎండలో నించుంటే అది మారుతుందా ఏమిటి? ఇంట్లో కూర్చో" అన్నాను.

అమ్మ ఇంట్లో కూర్చుంది.

మా పొలానికీ పక్క పొలానికీ మధ్య గట్టు రెండు మీటర్ల వెడల్పు, నూటయాభై మీటర్ల పొడుగు. బండి వెళ్ళేంత గట్టు. అది మొత్తం మాదే. పక్క పొలం బాబాయి వాళ్ళకి బండి దారి లేకపోతే మా తాత, వాళ్ళ నాన్న మాట్లాడుకున్నారు: గట్టు మాది, నడక ఇద్దరిదీ. కాగితం లేదు. అరవై ఏళ్ళు కాగితం అవసరం రాలేదు. నాన్నా, బాబాయీ ఏటా వేసవిలో ఆ గట్టు మీద కలిసి నడిచి, కోసుకుపోయిన చోట చెరో గంప మట్టీ వేసేవారు. బాబాయి 2021లో పోయాడు. వాళ్ళబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. వాడూ సాఫ్ట్‌వేరే, ఇంకేం చేస్తాడు!

పై నుంచి తీసిన ఫొటోలో గట్టు చక్కగా కనిపిస్తుంది. కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్ళు గట్టు నడిమధ్యన గీత గీస్తారు. చెప్పేవాళ్ళు లేనప్పుడు నేనైనా అలాగే గీస్తాను. ఆ తర్వాత పొలం దగ్గరికి వచ్చి, ఇరువైపుల వాళ్ళనీ పిలిచి, ఇదేనా మీ హద్దు అని అడగడానికే ఆ కాగితం ఇచ్చింది. మా వైపు ఎవరూ లేరు. వాళ్ళ వైపు ఎవరూ లేరు. గీత అక్కడే ఉండిపోయింది. మీటరు వెడల్పు, నూటయాభై పొడుగు, అంటే మూడు ముప్పావు సెంట్లకి కొంచెం తక్కువ. పాసు పుస్తకంలో ఎకరా నలభై సెంట్లున్న పొలం కొత్త పటంలో ఎకరా ముప్ఫై ఆరు సెంట్ల చిల్లర అయింది.

డల్లాస్ అబ్బాయికి ఫోను చేశాను. మంచివాడు. "అన్నయ్యా, నాకేం తెలీదు. డ్రోన్ సర్వే కదా, కరెక్టుగానే ఉంటుందిగా?" అన్నాడు. వాణ్ణి ఏమని అంటాను? పది రోజుల ముందు మా అమ్మతో నేనన్న మాటే అది.

సెంట్లదేముంది అంటారేమో. నాలుగు సెంట్లతో నా జీవితం మారిపోదు. అమ్మ బాధ వేరు. "ఆ గట్టు సంగతి మీ నాన్నకీ వాళ్ళ నాన్నకీ తెలుసు. ఇప్పుడు నాకొక్కదానికే తెలుసు. నేను చెప్దామనుకున్న రోజున నువ్వు వద్దన్నావు" అంది. అంతకన్నా ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

సరే, నా సొంత గొడవ పక్కన పెట్టి లోకం సంగతి చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో భూముల రీసర్వేని 2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్ళపాడులో మొదలుపెట్టారు. సర్వే ఆఫ్ ఇండియా సాయంతో, డ్రోన్లతో, ఉపగ్రహాల సంకేతాలు సరిదిద్దే స్టేషన్లతో. బ్రిటిష్ వాళ్ళ కాలం తర్వాత ఇంత పెద్ద ఎత్తున కొలవడం ఇదే మొదలు. కేంద్రం అదే ఏడాది ఏప్రిల్ 24న స్వామిత్వ పథకం ప్రకటించింది. అది పొలాలకి కాదు, గ్రామకంఠంలోని ఇళ్ళకి. 2014లో పౌరులెవరూ డ్రోన్ ఎగరెయ్యకూడదన్న దేశమే, 2021లో డ్రోన్ నిబంధనలు సడలించి ఊరూరా ఎగరేసింది. తెలంగాణలో కథ ఇంకో దారి పట్టింది. ముందు 2017లో రికార్డులు సరిచేశారు, 2020 అక్టోబరులో ధరణి వచ్చింది, 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. ఆ 2017 రికార్డుల్లో తగువున్న భూముల్ని పార్ట్-బి అని విడదీసి పక్కన పెట్టారు. అన్న పొలం ఎకరంన్నర అందులో పడింది. "నేనాడ లేను గద సారూ" అంటాడు. ఆయన కథా అంతే.

ఆంధ్రలో తర్వాత జరిగింది మీకు తెలిసిందే. హద్దురాళ్ళ మీద ఎవరి పేరుండాలి, పాసు పుస్తకం మీద ఎవరి బొమ్మ ఉండాలి అని జరిగినంత చర్చ హద్దు ఎక్కడుండాలన్న దాని మీద జరగలేదు. భూ హక్కు చట్టం ఎన్నికల గొడవైంది, 2024లో రద్దయింది. రీసర్వే జరిగిన ఊళ్ళలో గ్రామసభలు పెడితే, విస్తీర్ణం తగ్గిందనీ, నలుగురి పొలాలు కలిపి ఒకే నంబరు వేశారనీ అర్జీలు గుట్టలుగా వచ్చాయి. 2025లో పని మళ్ళీ మొదలైంది. ఏ పార్టీ బాగా చేసిందన్నది ఇక్కడ నా ప్రశ్న కాదు. ఆ వాదనకి వేరే చోట్లు బోలెడున్నాయి.

పాత గొలుసే మేలు అనడం కూడా నా ఉద్దేశం కాదు. ఆ రోజుల మీద నాకు భ్రమల్లేవు. గొలుసు అరవై ఆరు అడుగులు, వంద లింకులు. ఎండకి సాగేది, పట్టుకున్నవాడి చెయ్యి తడిస్తే ఇంకాస్త సాగేది. 1984లో కరణాల వ్యవస్థ రద్దయినప్పుడు ఊళ్ళలో ఎంతమంది కన్నీళ్ళు పెట్టుకున్నారో నాకు తెలియదు కానీ మా ఇంట్లో ఎవరూ పెట్టుకోలేదు. ఇక్కడి నలభై అయిదు డిగ్రీల ఎండలో మనిషి చేత కర్ర మోయించి మూడు వారాలు తిప్పడంలో గొప్పతనమూ లేదు. డ్రోన్ రావాల్సిందే. వచ్చింది, మంచిదే.

నా గొడవల్లా అది మిగిల్చిన సమయాన్ని ఏం చేశామన్నదే. మూడు వారాల పని రెండు రోజుల్లో అయిపోతే పంతొమ్మిది రోజులు మిగిలాయి. ఆ రోజుల్లో సగమైనా జనంతో కలిసి నేల మీద నడవడానికి పెట్టచ్చు కదా? పెట్టం. మొత్తం ఆదా కింద రాసుకుంటాం. ఎందుకంటే కొలత అంటే అంకె అనుకుంటాం. హద్దు అంటే అంకె కాదండీ, ఇద్దరు మనుషుల ఒప్పందం. అంకె దాన్ని రాసిపెట్టుకోడానికి పనికొస్తుంది. ఒప్పందమే తెలుసుకోకుండా అంకె రాస్తే, మూడు సెంటీమీటర్ల కచ్చితత్వంతో తప్పు రాసినట్టే.

ఇది కొత్త జ్ఞానమూ కాదు. రెండు వందల ఏళ్ళ కిందట కాలిన్ మెకంజీ దక్షిణాదిలో సర్వే చేస్తున్నప్పుడు ఆయన దగ్గర మంచి పరికరాలే ఉన్నాయి. 1815లో దేశానికే మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. అయినా కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల్లాంటి మనవాళ్ళని పెట్టుకుని ఊరూరా పంపించాడు. వాళ్ళు కరణాల దగ్గర, పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని, ఈ చెరువెవరిది, ఈ మాన్యం ఎవరిచ్చారు అని అడిగి రాయించారు. అవే ఇప్పుడు మనం చదువుకునే కైఫియత్తులు. పటం గీసేవాడి వెంట అడిగేవాడు కూడా ఉండాలని ఆయనకి తెలుసు. మా రుస్తాఖ్ సైటులో అడిగేవాడి పనిని, జీతం పెంచమని ఏనాడూ అడగకుండా, అన్న చేశాడు. నా రిపోర్టులో దానికి కాలమ్ లేదు.

కాబట్టి నాలాంటి కన్సల్టెంట్లకీ, మనల్ని నమ్మే కాంట్రాక్టర్లకీ, ఆఫీసులకీ నా విన్నపం ఇది. ఎగరేసిన ప్రతి రోజుకీ ఒక నడిచే రోజు లెక్కలో రాయండి. ఆ నేల తెలిసిన మనిషిని ముందు నడిపించండి. పటం శుభ్రంగా కనిపించాలని దేన్నీ చెరపకండి. చెరిపే ముందు, ఇదేమిటో తెలిసినవాడెవడు అని ఒక్కసారి అడగండి. సాఫ్ట్‌వేర్‌కి చెప్పని చెక్ పాయింట్లు లేకుండా ఏ రిపోర్టునీ ఒప్పుకోకండి.

నాలాగే దేశం కాని దేశంలో కూర్చున్న పొలాల వారసులకి ఇంకో మాట. ఇంటి నుంచి ఫోనొస్తే "డ్రోన్ తప్పు చెయ్యదులే" అనకండి. మీరు వెళ్ళలేకపోతే గట్ల సంగతి తెలిసిన మనిషిని, కుర్చీ వేసైనా సరే, అక్కడ కూర్చోబెట్టండి. పక్క పొలం వాళ్ళబ్బాయి ఏ దేశంలో ఉన్నాడో కనుక్కుని ముందే మాట్లాడుకోండి. అమ్మానాన్నల్ని ఈ వారాంతం వీడియోలో ఆ గట్ల మీద నడవమనండి. ఏది ఎవరిదో, ఎందుకో వాళ్ళ నోట చెప్పించి దాచుకోండి. కోర్టులో దానికి ఎంత బలముంటుందో లాయర్లు చెప్పాలి. ఇంట్లో మాత్రం చాలా బలం ఉంటుంది.

రిపోర్టు సంగతి చెప్పకుండా ముగిస్తే అబద్ధం ఆడినట్టవుతుంది. ఫలజ్ గొడవ అయ్యాక రెండో లెటరు రాశాను, ఆరుగురినీ ఉంచాలని, వాళ్ళలో ఇద్దరికి కేవలం నడిచి, అడిగి, గుర్తించే పని అప్పగించాలని. కంపెనీ ముగ్గుర్ని ఉంచింది. అన్న ఉన్నాడు. మిగతా ముగ్గురూ వెళ్ళిపోయారు. వాళ్ళలో ఒకతను వెళ్ళేముందు నాతో చెయ్యి కలిపి, డ్రోన్ బాగా పనిచేస్తోందా సార్ అని అడిగాడు. వెటకారమేమీ లేదు, నిజంగానే అడిగాడు.

మా గట్టు ఇంకా తేలలేదు. అర్జీ పెట్టాం. డల్లాస్ అబ్బాయీ నేనూ ఫోన్లో మాట్లాడుకున్నాం. వచ్చే సంక్రాంతికి ఇద్దరం ఒకే వారం సెలవు పెట్టి ఊరెళ్తున్నాం. సర్వేయరు వచ్చినా రాకపోయినా ఇద్దరం ఆ గట్టు మీద, ఈ చివర నుంచి ఆ చివరకి నడవాలని ఒప్పందం. అమ్మ మోకాళ్ళకి ఆపరేషన్ అయింది, తనూ వస్తానంటోంది. కుర్చీ నేను మోస్తాను.

మీ ఊళ్ళో కొలిచారా? ఆ రోజు మీ గట్టు మీద ఎవరు నిలబడ్డారు?